‘వర్క్ ఇన్ ప్రోగ్రెస్’ – ఒక రిటర్ను చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన కార్యదర్శిగారు రెండుసార్లు ఫోను చేశారు. కరువు భత్యం గురించీ, పి.ఆర్.సి. బకాయిల గురించీ వ్రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. నేను నా సర్వీసులో ఎక్కువకాలం చూసిన ఒక కాగితం గురించి వ్రాస్తాను. అది రోడ్ల పరిశోధనపై ఏటా పంపవలసిన వార్షిక రిటర్ను. పీరియాడికల్స్ రిజిస్టరులో దానికి ఒక పేజీ ఉండేది. దాన్ని పంపినందుకు ఎవరూ మెచ్చుకోలేదు. పంపకపోతే మాత్రం రిమైండరు, ఆ తర్వాత పైవారి పేరున డి.ఓ. లెటరు వచ్చేవి.

ఈ రిటర్ను ఎందుకు పుట్టిందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. 1919 సంస్కరణల తర్వాత రోడ్లు రాష్ట్రాల (అప్పటి మాటలో ప్రావిన్సుల) బాధ్యత అయ్యాయి. మోటారు వాహనాలు పెరిగాయి గాని, రోడ్లు బాగుచేసేందుకు ప్రావిన్సుల దగ్గర డబ్బు లేదు. 1927లో ఎం.ఆర్. జయకర్ అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. మరుసటి ఏడు ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. రోడ్ల అభివృద్ధి దేశమంతటి అవసరమనీ, పెట్రోలుపై అదనపు పన్ను వేసి ఒక నిధి పెట్టాలనీ, ఇంజనీర్లు కలుసుకొని అనుభవాలు చెప్పుకునేందుకు ఒక సంస్థ కావాలనీ, పరిశోధనకు వేరే ఏర్పాటు ఉండాలనీ సూచించింది. 1929లో గాలనుకు రెండణాల పన్నుతో కేంద్ర రోడ్డు నిధి వచ్చింది. అందులో కొంత భాగం పరిశోధనకూ, ప్రయోగాలకూ, నిధి నిర్వహణకూ కేంద్రం అట్టేపెట్టుకొని, మిగిలినది పెట్రోలు వాడకాన్ని బట్టి ప్రావిన్సులకు పంచేది. 1934 డిసెంబరులో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఏర్పడింది. పరిశోధన సంస్థ మాత్రం స్వాతంత్ర్యం వచ్చేదాకా ఆగింది. ఢిల్లీలో సెంట్రల్ రోడ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ తలుపులు తెరిచింది 1952లో. అంటే సిఫార్సుకూ అమలుకూ నడుమ ఇరవైనాలుగేళ్ళు. మన ఫైళ్ళ నడక తెలిసినవారికి ఇది వింతగా తోచదు.

ఢిల్లీలో ఒక సంస్థ ఉన్నంత మాత్రాన సరిపోలేదు. మద్రాసులోని గిండీలో హైవేస్ రీసెర్చ్ స్టేషన్ ఉన్నట్లే ఇతర రాష్ట్రాలలోనూ చిన్నవో పెద్దవో ప్రయోగశాలలు వెలిశాయి. ఎవరి మట్టి వారిది, ఎవరి రాయి వారిది. ఒక రాష్ట్రంలో తేలిన సంగతి పక్క రాష్ట్రానికి తెలిసేది కాదు. ఈ లోటు తీర్చడానికే 1973లో రోడ్స్ కాంగ్రెస్ ఆధ్వర్యాన హైవే రీసెర్చ్ బోర్డు ఏర్పడింది. ఏ పరిశోధన అవసరమో తేల్చడం, ఎక్కడెక్కడ ఏం జరుగుతున్నదో సమకూర్చడం, ఫలితాలను అందరికీ అందించడం దాని పనులు. అమెరికాలో ఇటువంటి బోర్డు 1920లోనే పుట్టింది. మనం ఆ పేరు పెట్టుకున్న మరుసటి ఏడే, 1974లో, వారు తమ బోర్డు పేరును ట్రాన్స్‌పోర్టేషన్ రీసెర్చ్ బోర్డుగా మార్చుకున్నారు!

బోర్డు సమావేశాల్లో కూర్చునేది పెద్ద ఇంజనీర్లు. ఆ సమావేశానికి కావలసిన ముడిసరుకు మాత్రం మాబోటివాళ్ళు పంపే రిటర్ను. ‘భారతదేశంలో జరిగిన రోడ్డు పరిశోధనపై సాధారణ నివేదిక’ అని ఒక లావుపాటి పుస్తకం వెలువడేది. అందులో మన పని చేరాలంటే ప్రొఫార్మా నింపాలి. పరిశోధన పేరు, చేసేవారు, మొదలైన తేదీ, ప్రస్తుత స్థితి, ఉద్దేశం, పద్ధతి, తేలిన విషయాలు, ఉపయోగం అని గడులు ఉండేవి. ప్రతి ఇంజనీరు నుంచీ కాగితం రాబట్టడం, నాలుగు రకాల చేతివ్రాతలను ఒక దారికి తేవడం, స్టెన్సిలు కొట్టించడం, సైక్లోస్టైలు ప్రతులపై సంతకం చేయించడం నా పని.

నేను 1974లో ఎల్.డి.సి.గా చేరాను. పనిచేసిన కార్యాలయం పేరు ఇక్కడ వ్రాయను. రోడ్లకు సంబంధించిన చిన్న ప్రయోగశాల అనుకుంటే చాలు. నడుమ మూడేళ్ళు వేరే సెక్షనుకు మార్చినా తిప్పి తిప్పి ఆ సీటుకే వచ్చాను.

నల్లరేగడి నేలపై రోడ్డు వేయడం ఎంత కష్టమో మన జిల్లాలవారికి చెప్పనక్కరలేదు. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం చెయ్యి పట్టేంత బీట విచ్చుతుంది. ఆ మట్టిలో సున్నం కలిపితే ఉబ్బడం తగ్గి గట్టిపడుతుందని అప్పటికే తేలింది. 1973లోనే రోడ్స్ కాంగ్రెస్ రెండు పలుచని పుస్తకాలు వేసింది. నల్లరేగడి గడ్డలను ఎలా పొడిచేయాలో ఐ.ఆర్.సి. 49, సున్నం కలిపిన మట్టిని రోడ్డుకు ఎలా వాడాలో ఐ.ఆర్.సి. 51 చెబుతాయి. మా వాళ్ళు కూడా ఒక పల్లె రోడ్డుమీద మూడు వందల మీటర్లు తీసుకొన్నారు. మొదటి వందలో సున్నం లేకుండా, రెండో వందలో మూడు శాతం, మూడో వందలో అయిదు శాతం వేసి చూడాలని నిర్ణయించారు. మొదలు, చివర రాళ్ళు పాతించారు.

సున్నం కొన్నది 1978 మార్చిలో. ఎందుకు మార్చిలో అని చదువరులు అడగరు, మీ అందరికీ తెలుసు. నెలాఖరుకు ఖర్చు చూపకపోతే గ్రాంటు మురిగిపోతుంది. బిల్లు ట్రెజరీకి పంపిన గుమాస్తాను నేనే. పరుగెత్తి టోకెను వేయించుకొచ్చి, గ్రాంటు కాపాడామని ఆ సాయంత్రం సెక్షనులో టీ కూడా తాగాం. పని మొదలైంది మాత్రం 1979 జనవరిలో, నేల ఆరిన తర్వాత. తొమ్మిది నెలలు, అందులో ఒక నిండు వానాకాలం, సున్నం బస్తాలు రేకుల షెడ్డులో పడి ఉన్నాయి. గాలీ తేమా తగిలిన సున్నం సుద్ద అవుతుంది. సుద్ద కలిపితే రేగడి గట్టిపడదు.

రెండు వానలకు మూడు వందల మీటర్లూ ఒకే తీరుగా కుంగాయి. ఆ పని చూసిన సూపర్‌వైజరుగారు నా బల్ల దగ్గరికి వచ్చి, “ఏమయ్యా, పోయింది సున్నం గుణం కాదు, నీ మార్చి బిల్లు” అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆయన ఫీల్డు పుస్తకంలో షెడ్డు సంగతి అంతా తేదీలతో వ్రాసుకున్నారు.

ఆ ఏటి రిటర్నులో ఆ మాట వ్రాద్దామని నోటు పెట్టాను. అప్పటి అధికారి చదివి, “ప్రయోగం విఫలమైందని మన చేత్తో మనమే వ్రాస్తే రేపు ఆడిట్ అభ్యంతరం వస్తుంది. సున్నం డబ్బు ఎవరు కడతారు?” అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. పెన్షను మూడేళ్ళలో ఉన్న మనిషి. స్థితి అనే గడిలో ‘వర్క్ ఇన్ ప్రోగ్రెస్’ అని వ్రాయమన్నారు. వ్రాశాను. మరుసటి ఏడు పాత ప్రతి చూసి మళ్ళీ అదే వ్రాశాను. ఆ తర్వాత ఎవరూ చెప్పనక్కరలేకుండానే వ్రాస్తూ పోయాను.

1983 ఫిబ్రవరి 28 మనలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గించడంతో వేలమంది ఒక్కరోజున దిగిపోయారు. వయసు తర్వాత మళ్ళీ పెంచారు, అది వేరే కథ. మా సూపర్‌వైజరుగారూ ఆ రోజునే వెళ్ళారు. దండలు వేయడానికి కూడా తీరిక లేకపోయింది. ఆయన బీరువాను మరొకరికి ఇచ్చేటప్పుడు అందులో కాగితాలు కట్టకట్టి మూల పడేశారు. ఫీల్డు పుస్తకం ఆ కట్టలో పోయింది.

మిగిలింది ఫైళ్ళు. ఆర్.డిస్. అయితే శాశ్వతం, డి.డిస్. పదేళ్ళు, ఎల్.డిస్. ఒక్క ఏడాది అని మనకు కంఠతా వచ్చు. సున్నం కొనుగోలు ఫైలు డి.డిస్. కనుక 1988 తర్వాత తగలబడింది. రిటర్నుల ఫైలును ఏటా ఎల్.డిస్. చేసింది నేనే. రోడ్డు పరీక్ష పదేళ్ళు, పదిహేనేళ్ళు చూస్తేగాని తేలదు, దాని కాగితానికి మేమిచ్చిన ఆయుష్షు ఏడాది. ఇది ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

1991లో వేరే జిల్లా నుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చారు. పాత సాధారణ నివేదికలో మా ప్రయోగం పేరు చూసి, పన్నెండేళ్ళుగా జరుగుతున్నదంటే ఎన్నో కొలతలు ఉంటాయని ఆశపడ్డారు. “సార్, ఒక్కసారి ఆ రీడింగులు చూపిస్తారా?” అని అడిగారు. బోర్డు వేసిన దారి సరిగ్గానే పనిచేసింది చూడండి. పుస్తకం పంచింది, అతను చదివాడు, మా గుమ్మం దాకా వచ్చాడు. మా దగ్గరే ఏమీ లేదు. అధికారులు కూర్చున్న గదిలో షెడ్డు సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. టీ ఇప్పించి పంపాను.

ఆయన తన జిల్లాలో మళ్ళీ వేశారు. సున్నం మళ్ళీ మార్చిలోనే కొన్నారట. 1994లో ఒక మీటింగులో కనబడి, తన రోడ్డూ కుంగిందనీ, సున్నం మన మట్టికి పనికిరాదని నోటు వ్రాశాననీ చెప్పారు. అప్పుడు వరండాలోకి తీసుకెళ్ళి అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. “ఈ ముక్క మూడేళ్ళ కిందట చెప్పవలసింది గదండీ” అన్నారు.

ఆ ఏడు రిటర్నులో స్థితి గడిలో ‘పూర్తయినది’ అనీ, తేలిన విషయాల గడిలో సున్నం తొమ్మిది నెలలు నిలవ ఉండటం వల్ల ఫలితం నమ్మదగినది కాదనీ వ్రాసి పెట్టాను. అప్పటికి నేను సూపరింటెండెంటును. కొత్త అధికారి రెండో వాక్యం కొట్టేసి సంతకం చేశారు. ‘పూర్తయినది’ అన్న మాట ఒక్కటే పోయింది.

అన్నీ ఇలాగే జరిగాయని అనుకోవద్దు. కేంద్ర మంత్రిత్వ శాఖ ఆర్-6 పథకం కింద పరిశోధన జరిగింది. బెంకెల్మన్ బీముతో రోడ్డు వంగుదల కొలిచి, పైన ఎంత మందాన పొర వేయాలో తేల్చే పద్ధతి గురించి అది. ఆ ఫలితాలతోనే 1981 నాటి ఐ.ఆర్.సి. 81 పుస్తకాన్ని 1997లో సవరించారు. కొలతలు కొలతలుగా పైకి చేరినచోట పని జరిగింది.

రిటైరయ్యాక అమెరికా పద్ధతి గురించి చదివాను. అక్కడ 1934 చట్టంతోనే ఫెడరల్ రోడ్డు డబ్బులో ఒకటిన్నర శాతం దాకా సర్వేలకూ ప్రణాళికకూ పరిశీలనలకూ వాడుకోనిచ్చారు. 1991 చట్టంతో అది రెండు శాతమై, అందులో కనీసం నాలుగో వంతు పరిశోధనకే అన్నారు. ఆ డబ్బు ఏడాది చివర మురిగిపోదు, తర్వాత మూడేళ్ళ దాకా వాడుకోవచ్చు. అది చదివినప్పుడు నాకు రేకుల షెడ్డు గుర్తుకొచ్చింది.

2014లో రాష్ట్రం రెండయినప్పుడు ఫైళ్ళు పంచే పనికి పాతవాళ్ళను కొందరిని సలహా అడిగారు. నేనూ వెళ్ళాను. పంచడానికి ఆ ప్రయోగం ఫైలు లేదు. పాత పీరియాడికల్స్ రిజిస్టరు ఒకటి మాత్రం దొరికింది. అందులో ఏటేటా ‘వర్క్ ఇన్ ప్రోగ్రెస్’ అని నా చేతివ్రాతే.

ఆ సూపర్‌వైజరుగారు చాలా ఏళ్ళ కిందటే పోయారు. ఆ పల్లె రోడ్డు మీద పాతిన రెండు రాళ్ళలో ఒకటి ఈమధ్య దాకా ఉందని విన్నాను. 1979 జనవరిలో ఆ పనిలో ఉన్న గ్యాంగు మేస్త్రీగానీ, రోలరు డ్రైవరుగానీ ఎవరికైనా తెలిస్తే సంఘం చిరునామాకు ఒక కార్డు ముక్క వ్రాయండి. ఫోను చేసినా సరే.