పెట్టె మీద లేని పేరు

మొన్న శనివారం మావాడు వారాల తరబడి ఆడుతున్న వీడియో గేమ్ పూర్తి చేశాడు. తెర మీద పేర్లు మొదలయ్యాయి... డిజైనర్లు, ప్రోగ్రామర్లు, బొమ్మలు గీసినవాళ్ళు, గొంతులిచ్చినవాళ్ళు, టెస్టర్లు. నేను కాఫీ కలుపుకుని వచ్చినా అవి ఇంకా వస్తూనే ఉన్నాయి. "ఒక్క ఆటకి ఇంతమందెందుకు నాన్నా?" అన్నాడు. మంచి ప్రశ్నే.

ఒకప్పుడు ఇంతమంది లేరు. 1977లో అటారీ కంపెనీ తెచ్చిన ఇంటి యంత్రంలో (తర్వాత దాన్నే అటారీ 2600 అన్నారు) ర్యామ్ 128 బైట్లు. కిలోబైట్లు కాదండోయ్, బైట్లే! మీరిప్పుడు చదువుతున్న ఈ వాక్యాన్ని యూనికోడ్‌లో పెడితే అందులో పట్టదు. ఆ ఇరుకులో ఆటను ఊహించడం, కోడ్ రాయడం, బొమ్మలు, చప్పుళ్ళు... సాధారణంగా అన్నీ ఒక్కరి పనే. పెట్టె మీద మాత్రం ఆ ఒక్కరి పేరు ఉండేది కాదు, కంపెనీ పేరే.

వారెన్ రాబినెట్‌కి ఇది నచ్చలేదు. తను రాసిన 'అడ్వెంచర్' ఆటలో ఒక రహస్య గది కట్టాడు. కంటికి ఆనని ఓ బూడిదరంగు చుక్కను పట్టుకుని సరైన చోటికి వెళ్తే, లోపల 'దీన్ని సృష్టించింది వారెన్ రాబినెట్' అని ఇంగ్లీషులో కనిపిస్తుంది. ఎవరికీ చెప్పకుండా 1979లో ఉద్యోగం మానేశాడు. ఆట అమ్మకానికొచ్చాక ఎవరో కుర్రాడు ఆ గది కనిపెట్టి ఉత్తరం రాసేదాకా కంపెనీకే తెలియదు! తీసేయడం ఖర్చుతో కూడిన పని, అందుకని వదిలేశారు. ఆటల్లో దాచిన ఇలాంటివాటిని 'ఈస్టర్ ఎగ్' అనడం ఆ సందర్భంలోనే మొదలైంది.

అదే 1979లో డేవిడ్ క్రేన్, లారీ కాప్లన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్ కూడా అటారీ వదిలేశారు. వాళ్ళడిగింది తమ పనికి గుర్తింపు, అమ్మకాల్లో వాటా. అవి దొరక్క యాక్టివిజన్ పెట్టుకుని, ఆట తయారుచేసినవాళ్ళ పేరు బాహాటంగా వేశారు. 1982లో 'రివర్ రెయిడ్'తో కారల్ షా పేరు జనానికి తెలిసింది అలాగే.

1982లోనే పుట్టిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఇంకో అడుగు వేసింది. ఆటలను పాటల రికార్డుల్లాంటి అట్టల్లో పెట్టి, చేసినవాళ్ళను కళాకారులుగా చూపించింది. 'ప్రొడ్యూసర్' అనే పదవిని కూడా సంగీత కంపెనీల నుంచే తెచ్చుకుంది. మన సినిమా నిర్మాతలా డబ్బు పెట్టేవాడు కాదు, పని సమయానికి అయ్యేలా చూసేవాడు. మా భాషలో ప్రాజెక్ట్ మేనేజరన్నమాట.

యంత్రాల శక్తి పెరిగేకొద్దీ ఒకరి పని ముక్కలైంది. 1985 నాటి 'సూపర్ మారియో బ్రదర్స్'కి రూపకల్పన మియమోటో, తెజుకాలది, సంగీతం కోజి కొండోది. 1993లో 'డూమ్'కి ఇంజన్ రాసింది జాన్ కార్మాక్, లెవెల్స్ ఎక్కువగా కట్టింది జాన్ రొమేరో, శాండీ పీటర్సన్. ఇంజన్ వేరు, ఆట జరిగే చోటు వేరు అయ్యాక, ప్రోగ్రామింగ్ రానివాళ్ళకి కూడా లెవెల్స్ కట్టే పని దొరికింది.

2018లో 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2' వచ్చేసరికి ఆ లెక్క వేలల్లోకి వెళ్ళింది. గొడవ మాత్రం పాతదే! విడుదలకు ముందే మానేసినవాళ్ళ పేర్లు ఆటలో వెయ్యకపోవడం రాక్‌స్టార్ పద్ధతి. విమర్శలొచ్చాక వాళ్ళకి వెబ్‌సైట్లో కృతజ్ఞతల జాబితాలో చోటిచ్చారు. సంవత్సరాల కష్టం ఆటలోనే ఉంటుంది, పేరు మాత్రం గుమ్మం బయట.

ఇదంతా నాకెందుకంటారా? నేను కన్సల్టెంట్‌ని. కాంట్రాక్ట్ అయిపోగానే బ్యాడ్జి ఇచ్చేసి వచ్చేస్తాను. నా కోడ్ అక్కడెక్కడో నడుస్తూనే ఉంటుంది. రాబినెట్‌లా రహస్య గది కట్టే ధైర్యం లేదు (కోడ్ రివ్యూలో దొరికిపోతాం కదా!).

మావాడు స్కిప్ నొక్కబోతే ఆపాను. చివరి పేరు దాకా కూర్చున్నాం. అంటే నేను కూర్చున్నాను, టెస్టర్ల దగ్గరికొచ్చేసరికే వాడు నిద్రపోయాడు.