సర్పగంధి నేర్పిన పాఠం

సర్పగంధిని తెలుగునాట పాతాళగంధి అనికూడ అంటారు. దాని వేరును పాముకాటుకు, నిద్రలేమికి, పిచ్చికి మన దేశపు వైద్యులు తరతరాలుగా వాడినారు. 1931లో కలకత్తా వైద్యులు గణనాథ సేన్, కార్తిక చంద్ర బోసు ఈ వేరుపొడి రక్తపు పోటును తగ్గించి, ఉన్మాదుల ఉద్రేకాన్ని అణచుతున్నదని ప్రకటించినారు. వారు చెప్పిన మోతాదు 20 నుండి 30 గ్రెయిన్లు, రోజుకు రెండుసార్లు. అంటే ప్రతిసారి సుమారు ఒకటిన్నర గ్రాము.

కాని ఏ వేరులో మందు ఎంత ఉన్నదో చూపుతో తెలియదు. ఒకదానిలో ఎక్కువ, మరొకదానిలో తక్కువ. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు వేరునుండి రిసర్పిన్‌ను శుద్ధరూపంలో తీయడంతో ఈ చిక్కు తీరినది. 1954లో అమెరికాలో నాథన్ క్లైన్ మానసిక రోగులలో దాని ఫలితాలను వెల్లడించినాడు. 1952లోనే ఫ్రాన్సులో డిలే, డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రోమజీన్ అనే మరొక మందును ప్రయోగించినారు.

రోగులు శాంతించినారు, కాని కొందరికి చేతులు వణికినవి, కండరాలు బిగిసినవి. ఎందువలన? 1957లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు కార్ల్‌సన్ రిసర్పిన్ ఇచ్చి కుందేళ్లను కదలకుండ చేసినాడు. ఎల్-డోపా ఇవ్వగానే అవి మరల కదలినవి. మెదడులోని డోపమిన్‌ను గాదెలోని ధాన్యమనుకొందాము. రిసర్పిన్ గాదెను ఖాళీచేస్తుంది. క్లోర్‌ప్రోమజీన్ గాదె జోలికి పోదు. ధాన్యం అందుకొనే వాకిలిని మూస్తుంది. భ్రమలను తగ్గించే మార్గమూ, కదలికను చెరిచే మార్గమూ ఈ విధంగా ఒకే పదార్థంతో ముడిపడి ఉన్నవి. అందుచేతనే గుణమిచ్చే కనీసపు మోతాదు చాలునని వైద్యులు నేర్చుకొన్నారు.

తరువాత వచ్చిన క్లోజపిన్ వణుకు అంతగా కలిగించదు. ఐతే 1975లో ఫిన్లండులో తెల్లరక్తకణాలు క్షీణించి 8 మంది మరణించినారు. మందు మూలబడినది. ఇతర మందులకు లొంగని రోగులకు ఇది మేలు చేస్తున్నదని 1988లో రుజువైనది. మరుసటి ఏడు అమెరికాలో వారంవారం రక్తపరీక్ష చేయవలెనను షరతుతో అనుమతించినారు. మందు మారలేదు, జాగ్రత్త మారినది.

స్కిజోఫ్రీనియాకు రిసర్పిన్ వాడుక నేడు పోయినది, పాఠం మిగిలినది. గుంటూరులోనో, ఎర్రగడ్డలోనో చూపించుకొని నడికుడి వంటి ఊరికి తిరిగివచ్చిన రోగికి ఇంటివారే కాపలా. నయమైనదని మందు హఠాత్తుగా మానరాదు. నిద్రపట్టలేదని రెండు మాత్రలు వేయరాదు. నాటు వేరుపొడి కలపరాదు. వణుకు, నోటి వింత కదలికలు, బరువు పెరుగుట కనబడితే వైద్యునికి చెప్పవలెను. క్లోజపిన్ వాడేవారికి జ్వరమో, గొంతునొప్పో వస్తే ఆనాడే రక్తపరీక్ష చేయించవలెను.