శవం మీద ఎవరి మాట చెల్లాలి

1971 సెప్టెంబరులో కవి యోర్గోస్ సెఫెరిస్ కన్నుమూసే నాటికి గ్రీసును సైనికాధికారులు ఏలుతున్నారు. 1967 ఏప్రిల్లో ట్యాంకులతో ఏథెన్స్ వీధుల్లోకి దిగి అధికారం గుంజుకున్న కర్నళ్లు వాళ్లు. సభ పెట్టకూడదు, ఊరేగింపు తీయకూడదు, మికిస్ థియొడొరాకిస్ సంగీతం వినిపించకూడదు. అయినా నోబెల్ అందుకున్న ఆ కవి శవపేటిక వెంట వేలమంది నడిచారు. నడుస్తూ నడుస్తూ ఆయన కవితకే థియొడొరాకిస్ కట్టిన పాట ఎత్తుకున్నారు. అంతకు మూడేళ్ల ముందు మాజీ ప్రధాని యోర్గోస్ పపాండ్రేయు అంతిమయాత్రకు లక్షల్లో జనం వచ్చి, ఆ పాలన మీద తమకున్న కోపమంతా అక్కడే వెళ్లగక్కారు. 1943 ఫిబ్రవరిలో, ఏథెన్స్ జర్మన్ సైన్యం గుప్పిట్లో ఉన్నప్పుడు, కవి కొస్తిస్ పలమాస్ సమాధి దగ్గర జనం జాతీయగీతం పాడారు.

ఈ దేశం వచ్చి స్థిరపడినవాళ్లకు ముందుగా తెలిసివచ్చే సంగతి ఇది. నోరు నొక్కేసిన ప్రతిసారీ వీళ్లు శవయాత్రలో నోరు విప్పారు. చచ్చిపోయిన మనిషిని సాగనంపే హక్కు దగ్గర వీళ్లు ఎవరికీ తలవంచరు. ఆ పట్టుదల ఎక్కడిదో మనవాళ్లకు చెప్పాలంటే యుద్ధాల తేదీల కన్నా ఒక నాటకం మేలు. క్రీ.పూ. 441 ప్రాంతంలో సోఫోక్లీస్ రాసి ఆడించిన ‘యాంటిగనీ’ అది.

కథ చిన్నది. ఈడిపస్ రాజుకు ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. తండ్రి తర్వాత థీబ్స్ నగరం కోసం కొడుకులు తగువుపడ్డారు. ఎటియోక్లీస్ నగరాన్ని పట్టుకుని కూర్చుంటే, పాలినైసీస్ పరాయి రాజ్యమైన ఆర్గోస్ నుంచి సైన్యాన్ని తెచ్చి సొంత ఊరి మీదే పడ్డాడు. కోట గుమ్మం దగ్గర ఒకరి చేతిలో ఒకరు చచ్చారు. సింహాసనం మేనమామ క్రియాన్‌కు దక్కింది. నగరాన్ని కాచినవాడికి రాజలాంఛనాలతో ఖననం, నగరం మీదికి దండెత్తినవాడి శవం కుక్కలకూ గద్దలకూ అని అతను చాటింపు వేయించాడు. పాతిపెట్టబోయినవాళ్లకు మరణశిక్ష. ఆ మాట వినగానే పెద్ద చెల్లెలు యాంటిగనీ ఒంటరిగా వెళ్లి శవం మీద మట్టి చల్లింది. ఆమెకు నిశ్చయమైన వరుడు క్రియాన్ కొడుకు హీమన్. మన లెక్కన మేనరికం.

ఈ కథ విన్న తెలుగువాళ్లకు యుద్ధకాండ గుర్తు రాకుండా ఉండదు. రావణుడు కూలాక విభీషణుడు దహనం చేయడానికి వెనకాడతాడు, పాపిష్టివాడికి నేనెందుకు చేయాలంటాడు. వైరం చావుతో సరి, వెళ్లి చేయవలసింది చేయమని చెప్పేది గెలిచిన రాముడు. థీబ్స్‌లో గెలిచినవాడు సరిగ్గా దీనికి ఎదురు మాట పలికాడు. అయినా మనం అనుకున్నంత తొందరగా ఈ నాటకం చూసిన ఏథెన్స్ జనం అతన్ని దుర్మార్గుడని అనుకుని ఉండరు. నా దృష్టిలో ఈ నాటకాన్ని అర్థం చేసుకోవడమంటే ఆ ఒక్క సంగతి పట్టుకోవడమే.

అక్రోపోలిస్ కొండకు దక్షిణపు వాలులో డయొనైసస్ రంగస్థలం శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇప్పుడు కనిపించే రాతి మెట్లు తర్వాతి శతాబ్దంలో వేసినవి. సోఫోక్లీస్ కాలంలో చెక్క బల్లల మీద కూర్చునేవారు. వసంతంలో డయొనైసస్ ఉత్సవం జరిగేది, ముగ్గురు కవులు పోటీపడేవారు. మాట్లాడే పాత్రలన్నీ ముగ్గురు నటులే, మాస్కులు మార్చుకుంటూ, ఆడవేషాలతో సహా. పదిహేను మంది పాటగాళ్ల బృందం ఈ నాటకంలో ఊరి పెద్దలై నిలబడుతుంది. నాటకాలు మొదలవక ముందు అక్కడే ఇంకో తంతు ఉండేది. యుద్ధంలో తండ్రులను పోగొట్టుకుని, నగరం ఖర్చుతో పెరిగి పెద్దవాళ్లయిన కుర్రాళ్లను, నగరం ఇచ్చిన కవచాలు తొడిగించి అందరి ముందూ నడిపించేవారు. ఆ పిల్లల్ని కళ్లారా చూసిన జనం ముందుకు క్రియాన్ వచ్చి, నగరం కోసం ప్రాణమిచ్చినవాడినీ నగరాన్ని తగలబెట్టడానికి వచ్చినవాడినీ ఒకే గాటన కట్టనని అంటాడు. తలలు ఊపి ఉంటారు. వందేళ్ల తర్వాత, క్రీ.పూ. 343లో, వక్త డెమొస్తనీస్ రాయబారిగా ద్రోహం చేశాడని ఒకడి మీద కేసు వాదిస్తూ క్రియాన్ తొలి ప్రసంగంలోని మాటలనే కోర్టులో చదివించాడు, మంచి పాలకుడు ఎలా ఉండాలో చెప్పడానికి!

పైగా అతని చాటింపు ఏథెన్స్ చట్టానికి దూరంగా లేదు. ద్రోహిగా తేలినవాణ్ని ఏథెన్స్ చుట్టూ ఉన్న అట్టికా గడ్డలో పాతిపెట్టకూడదనేది అక్కడి కట్టడి. నేను రోజూ పనికి వెళ్లే పిరయస్ రేవుకు కోట కట్టే పని మొదలుపెట్టించింది థెమిస్టొక్లీస్. క్రీ.పూ. 480లో సలామిస్ దగ్గర పర్షియా నౌకాదళాన్ని చిత్తు చేయించిందీ అతనే. ఆ గెలుపు పండుగలో పాడి ఆడిన కుర్రాళ్ల ముందు నిలిచినవాడు పదిహేను, పదహారేళ్ల సోఫోక్లీసేనని ప్రాచీనులు రాశారు. అంతటి థెమిస్టొక్లీస్ మీదే తర్వాత ద్రోహి అనే ముద్ర పడింది. పర్షియా చక్రవర్తి నీడలో, పరాయి గడ్డ మీద పోయాడు. అతని ఎముకల్ని బంధువులు రహస్యంగా తెచ్చి అట్టికాలో పాతిపెట్టామని చెప్పుకున్నట్టు చరిత్రకారుడు థ్యూసిడిడీస్ రాశాడు. బహిరంగంగా చేస్తే చట్టం ఒప్పుకోదు కాబట్టి రహస్యం. పిరయస్ పెద్ద రేవు దగ్గర అతని సమాధి ఉందని తర్వాతి కాలపు యాత్రికులు చెప్పుకొచ్చారు. యాంటిగనీని చూస్తున్నవాళ్లకు ఈ కథ కొత్తది కాదు. అలాంటి చెల్లెళ్లు, అలాంటి మేనల్లుళ్లు వాళ్ల ఊళ్లోనే ఉన్నారు.

మరి క్రియాన్ ఎక్కడ జారాడు? ద్రోహి శవాన్ని సరిహద్దు అవతల పడేయిస్తే చట్టం తీరేది, అయినవాళ్లు అక్కడే ఎక్కడో పాతిపెట్టుకునేవాళ్లు. అతను శవాన్ని ఊరి పొలిమేరలోనే ఉంచి, ఎవరూ ముట్టకుండా కాపలా పెట్టాడు. శిక్ష చచ్చినవాణ్ని దాటి బతికున్నవాళ్ల మీదికి మళ్లింది. అక్కణ్నుంచి అతని మాట తీరే మారిపోతుంది. ఎవరు అడ్డొచ్చినా లంచం తిన్నారంటాడు, కాపలావాణ్నయినా, చివరికి గుడ్డి జ్యోతిష్కుడు టైరీసియస్‌నైనా. కొడుకు హీమన్ వచ్చి, ఊళ్లో జనం ఆ పిల్లను చూసి ఏడుస్తున్నారని, మీ ముందు చెప్పడానికి భయపడుతున్నారని ఎంతో మర్యాదగా విన్నవించుకుంటే, ఆడదానికి లొంగిపోయావని తిడతాడు. రాజ్యం ఏలేవాడిదే కదా అన్న తండ్రికి, మనుషుల్లేని ఎడారినైతే నువ్వొక్కడివే చక్కగా ఏలుకోవచ్చని కొడుకు జవాబిస్తాడు.

ఎపిడారస్‌లో ఈ నాటకం చూశాను. సుమారు 14 వేల మంది పట్టే ఆ రాతి రంగస్థలంలో వేసవి శుక్ర, శనివారాల రాత్రులు ప్రాచీన నాటకాలు ఆడతారు. జనం దిండ్లు వేసుకుని మెట్ల మీద కూర్చుంటారు, చుట్టూ పైన్ చెట్లలో కీచురాళ్ల రొద. నన్ను కట్టిపడేసింది యాంటిగనీ కన్నా ముందు కాపలావాడు. శవం మీద ఎవరో మట్టి చల్లారని చెప్పడానికి వచ్చి, అడుగు ముందుకు రెండడుగులు వెనక్కి వేస్తూ, నేను చేయలేదు దొరా, చేసినవాణ్ని చూడలేదు అని ముందే మొదలుపెడతాడు. కబురు మోసుకెళ్లేవాడెవడో తేల్చడానికి చీట్లు వేసుకున్నారట, చీటీ తనకే పడింది. అన్ని వేలమందీ ఒక్కసారిగా నవ్వారు. రెండోసారి వచ్చినప్పుడు యాంటిగనీని పట్టుకొస్తాడు. ఎర్రటి ఎండలో దుమ్ము రేగి తెరిపిచ్చాక, గూట్లో పిల్లలు లేని పక్షిలా ఆమె గొల్లుమన్నదని, కంచు పాత్రతో మూడుసార్లు ధార పోసిందని చెబుతూ, నాకు సంతోషమూ ఉంది, బాధా ఉంది అంటాడు. అయినా తన ప్రాణం దక్కడమే తనకు ముఖ్యమని దాచకుండా ఒప్పుకుంటాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నియంతల కాలంలో ప్రతి పోలీసు స్టేషన్‌లోనూ ఒకడుండే మనిషి వాడు.

ఇక యాంటిగనీ. ఆమెను మంచితనం రాశిపోసినట్టు చూపించే ప్రదర్శనలు నాకు నచ్చవు. ఆమె కరుకు మనిషి. రాజు ఆజ్ఞను మీరలేను, ఆడవాళ్లం, బలం లేనివాళ్లం అన్న చెల్లెలు ఇస్మీనీని మొదటి సన్నివేశంలోనే తోసిపారేస్తుంది. పట్టుబడ్డాక, నేనూ చేశాను, నన్నూ నీతో చావనివ్వు అని ఇస్మీనీ ముందుకొస్తే, నువ్వు బతుకు ఎంచుకున్నావు, నేను చావు ఎంచుకున్నాను, నా పనిలో నీకు వాటా లేదని మొహాన కొడుతుంది. నా మనసంతా ఇస్మీనీ వైపే ఉంటుంది. మనలో ఎక్కువమందిమి ఇస్మీనీలమే. భయపడతాం, ఆలస్యంగా తెగిస్తాం, అప్పటికి మన తెగింపు ఎవరికీ అక్కర్లేదు.

బతికుండగానే తనను మూసేయబోయే చావుగుహకు వెళ్లే ముందు యాంటిగనీ చెప్పే మాట ఒకటి పండితుల్ని వందల ఏళ్లుగా ఇబ్బంది పెడుతోంది. భర్త కోసమో బిడ్డ కోసమో అయితే ఇంత తెగించేదాన్ని కాదు, వాళ్లు పోతే మరొకరు దొరకొచ్చు, తల్లీ తండ్రీ పోయాక తోడబుట్టినవాడు మళ్లీ పుట్టడు అంటుంది. ఇది సోఫోక్లీస్ రాసింది కాదని ఎవరైనా రుజువు చేస్తే బాగుండునని జర్మన్ కవి గోథే కోరుకున్నాడు. కానీ అరిస్టాటిల్ నాటికే ఆ మాట నాటకంలో ఉంది, ఆయన ఉదహరించాడు. నాకైతే ఆమె అక్కడే మనిషిగా కనబడుతుంది. క్రియాన్ ముందు దేవతల రాయని చట్టాల గురించి మాట్లాడిన పిల్ల, చావు దగ్గరపడ్డాక లెక్కలు వేసుకుంటోంది, పెళ్లి కాలేదని ఏడుస్తోంది, దేవతలు తనను వదిలేశారా అని అనుమానపడుతోంది.

చచ్చినవాళ్లకు చేయవలసింది చేయడమనేది ఇక్కడ ఇప్పటికీ చేతులతో చేసే పని. ఏథెన్స్ చుట్టుపక్కల శ్మశానాల్లో చోటు చాలదు. సమాధి మామూలుగా మూడేళ్లకే ఇస్తారు, తర్వాత ఎముకలు తీయించాలి. మా ఆఫీసులో పనిచేసే ఆవిడ తల్లి ఎముకలు తీయించిన రోజు నన్నూ రమ్మంది. శ్మశానం పనివాడు ఒక్కొక్కటే పైకి అందిస్తుంటే ఆవిడ వైన్‌తో కడిగి తెల్లగుడ్డ మీద ఆరబెట్టింది. పుర్రెను మాత్రం చాలాసేపు అరచేతుల్లో పట్టుకుంది. తర్వాత అన్నీ పేరు రాసిన రేకు పెట్టెలో సర్ది అస్థిశాలలో పెట్టారు. మాకు ఉడికించిన గోధుమలు పంచింది, దానిమ్మ గింజలు, బాదం, పంచదార కలిపినవి. దహనానికి ఇక్కడ చట్టం ఒప్పుకుంది 2006లోనే, తొలి దహనవాటిక రిట్సోనాలో తెరిచింది 2019లో. చర్చి ససేమిరా అంటూ వచ్చింది. అంతదాకా దహనం కోరుకున్నవాళ్ల శవాల్ని బల్గేరియా దాకా మోసుకెళ్లాల్సి వచ్చేది. ఎవరి శవాన్ని ఎలా సాగనంపాలనే తగువు ఇక్కడ నిన్నమొన్నటిది.

దానికి ముందటి కథలు ఇంకా దారుణం. 1941-42 చలికాలంలో ఆక్రమణదారుల దోపిడీ వల్ల, సముద్రం మీద బ్రిటిష్ దిగ్బంధం వల్ల ఏథెన్స్‌లో, పిరయస్‌లో వేలకు వేలమంది ఆకలితో చచ్చారు. ఇంట్లో చావు జరిగిందని చెబితే రేషన్ కార్డు పోతుంది. అందుకని రాత్రిపూట శవాన్ని శ్మశానం గోడ దగ్గర వదిలేసి వచ్చిన కుటుంబాలున్నాయి. బతికున్న పిల్లలకు రొట్టె ముక్క కోసం చచ్చినవాడి పేరు దాచాల్సి వచ్చింది. యాంటిగనీని వీళ్ల ముందు నిలబెడితే ఏం చెప్పగలదో నాకు తోచదు.

వెనకే అన్నదమ్ముల పోరు. జర్మన్ల మీద పోరాడిన గెరిల్లా నాయకుడు ఆరిస్ వెలూహియోటిస్ 1945 జూన్‌లో చనిపోతే, తల నరికి ట్రికాలా పట్టణం కూడలిలో దీపస్తంభానికి వేలాడదీశారు. అతని చేతులకూ నెత్తురంటింది, అతనివాళ్ల చేతిలో పోయినవాళ్ల పిల్లలకూ వాళ్ల లెక్కలున్నాయి. 1946 నుంచి 1949 దాకా ప్రభుత్వ సైన్యమూ కమ్యూనిస్టు సైన్యమూ కొట్టుకున్నాయి. ఒకే ఇంట్లోంచి చెరో వైపు వెళ్లినవాళ్లున్నారు. గెలిచినవాళ్లు తమ ఎటియోక్లీసులకు పాలరాతి స్తూపాలు కట్టించుకున్నారు. ఓడినవాళ్లలో చాలామంది పేరు లేని గోతుల్లో పడ్డారు.

నాటకం చివర్లో క్రియాన్ మనసు మారుతుంది. దేవతల పీఠాల మీదికి పక్షులూ కుక్కలూ శవమాంసం మోసుకొస్తున్నాయని, చచ్చినవాణ్ని పైన ఉంచి బతికున్నదాన్ని కింద పాతావని టైరీసియస్ నిలదీశాక. ముందు వెళ్లి పిల్లను విడిపించు, తర్వాత శవానికి సమాధి కట్టు అని ఊరి పెద్దలు చెబుతారు. క్రియాన్ వరస తిప్పేస్తాడు. ముందు శవం దగ్గరికి వెళ్లి, కడిగి, కాల్చి, మట్టిదిబ్బ ఎత్తించి, అప్పుడు గుహకు పరుగెడతాడు. ఈలోగా యాంటిగనీ ఉరేసుకుంది. హీమన్ తండ్రి మీద కత్తి దూసి, గురి తప్పి, తననే పొడుచుకున్నాడు. ఆ కబురు విని తల్లి యూరిడిసీ ప్రాణం తీసుకుంది. తప్పు దిద్దుకునేటప్పుడు కూడా క్రియాన్‌కు చచ్చినవాళ్ల లెక్కే ముందుకొచ్చింది. ఇస్మీనీ సంగతి ఎవరూ ఎత్తరు. ఆమె బతికే ఉంది.

2025లో థెస్సలొనీకి పక్కనున్న సికియెస్‌లో, పాత యెదీ కులే జైలు దగ్గరి పార్కును బాగుచేయడానికి తవ్వుతుంటే 33 మంది ఎముకలు బయటపడ్డాయి. అంతర్యుద్ధం రోజుల్లో ఆ జైలు నుంచి తీసుకెళ్లి కాల్చి చంపిన ఖైదీలవని చెబుతున్నారు. ఎవరిది ఏ అస్థిపంజరమో తేల్చడానికి పురపాలక సంఘం డీఎన్ఏ పరీక్షలకు పూనుకుంది. నమూనాలు ఇవ్వవలసినవాళ్లు ఆ ఖైదీల కొడుకులు, కూతుళ్లు, మేనల్లుళ్లు, ఇప్పుడు డెబ్భై, ఎనభై ఏళ్లవాళ్లు. యాంటిగనీకి తన తోడబుట్టినవాడు ఎక్కడ పడివున్నాడో తెలుసు. వీళ్లు ఆ సంగతి తెలుసుకోవడానికే ఇన్నేళ్లు ఎదురుచూశారు.