రుతువులు మూడా, నాలుగా, ఆరా? చిన్న పిల్లలకు ఏం చెప్పాలి?

ఇంట్లో పెద్దవాళ్లు ఆరు రుతువులంటారు. బడిలో ఎండాకాలం, వానాకాలం, చలికాలం అని మూడే నేర్పుతారు. ఇంగ్లిష్ బొమ్మల పుస్తకాల్లో మంచు కురిసే వింటర్, ఆకులు రాలే ఆటమ్‌తో కలిపి నాలుగు కనిపిస్తాయి. ఐదారేళ్ల పిల్లలు వీటిలో ఏది నమ్మాలి? నిజానికి ఏదీ తప్పు కాదు. ఒక్కో లెక్క ఒక్కో చోట, ఒక్కో అవసరం కోసం పుట్టింది.

లెక్కలో తేడా ఎందుకు?

ఆరు రుతువులు పంచాంగానివి. చైత్ర, వైశాఖాలు వసంతంతో మొదలుపెట్టి ఒక్కో రుతువుకు రెండు మాసాలు. భారత వాతావరణ శాఖ ఏడాదిని నాలుగు భాగాలు చేస్తుంది: జనవరి-ఫిబ్రవరి చలికాలం, మార్చి-మే వేసవి, జూన్-సెప్టెంబర్ నైరుతి రుతుపవనాల కాలం, అక్టోబర్-డిసెంబర్ ఆ తర్వాతి కాలం. బొమ్మల పుస్తకాల్లోని నాలుగు సీజన్లు ఐరోపా లాంటి చల్లని ప్రాంతాలవి.

దేశమంతటికీ ఒకే లెక్క కుదరదు. హైదరాబాద్‌కు ఎక్కువ వాన జూన్-సెప్టెంబర్ మధ్య పడుతుంది. చెన్నై, నెల్లూరులకు అక్టోబర్-డిసెంబర్‌లో. లద్దాఖ్ చలి ఎడారి, అక్కడ వానే అరుదు. అందుకే మొదటి ప్రశ్న 'రుతువులు ఎన్ని?' కాదు, 'మన ఊళ్లో వాన ఎప్పుడు పడుతుంది?' అన్నది.

మాటతోనే చిక్కు

భూమి చుట్టూ ఉన్న గాలి పొరనూ, ఇవాళ్టి ఎండావాననూ తెలుగులో 'వాతావరణం' అనే అంటాం. పాఠ్యపుస్తకాలు 'శీతోష్ణస్థితి' అనే క్లైమేట్‌ కూడా వార్తల్లో 'వాతావరణ మార్పు' అయిపోతుంది. పిల్లలకు తేలిక దారి ఒకటుంది. ఈ రోజు ఎలా ఉందో అది వాతావరణం. ఏటా ఈ నెలల్లో మామూలుగా ఎలా ఉంటుందో అది కాలం. శీతోష్ణస్థితికి శాస్త్రవేత్తలు సాధారణంగా 30 ఏళ్ల సగటు తీస్తారన్నది పెద్ద తరగతుల్లో చెప్పొచ్చు.

ఎలా నేర్పాలి?

జాతీయ విద్యా విధానం-2020 ప్రకారం 3 నుంచి 8 ఏళ్ల వయసు పునాది దశ. ఆటలు, పరిశీలనే ఇక్కడ పాఠం. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో పరిసరాల పాఠం విడిగా మొదలయ్యేది మూడో తరగతి నుంచే. అంతకు ముందు భారం టీచర్లు, తల్లిదండ్రులదే.

గోడ క్యాలెండర్‌పై రోజూ సూర్యుడో, మబ్బో, చినుకో గీయించండి. నెలాఖరున లెక్కపెట్టించండి. అడుగు నుంచి అంచు దాకా ఒకే వెడల్పున్న గ్లాసును ఆరుబయట పెట్టి, ఉదయం 8:30కి నీటి ఎత్తును స్కేలుతో కొలిపించండి. వాతావరణ శాఖ రోజువారీ వాన లెక్క తీసేదీ ఆ సమయానికే. 1 మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద లీటరు నీళ్లు.

'సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం' అని మాత్రం చెప్పకండి. భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, మనకు చలి ఉన్నప్పుడే. అసలు కారణం భూమి అక్షం సుమారు 23.5 డిగ్రీలు వంగి ఉండటం. అది తర్వాత నేర్చుకుంటారు. ఇప్పటికి మధ్యాహ్నపు నీడ డిసెంబర్‌లో పొడుగ్గా, మేలో పాదాల దగ్గరే ఉంటుందని చూస్తే చాలు.

ప్రాణాలు కాపాడే పాఠం

దేశంలో ఏటా రెండు వేల మందికి పైగా పిడుగుపాటుకు చనిపోతున్నారు. ఉరుము వినిపిస్తే ఇంట్లోకి వెళ్లాలి, చెట్టు కిందకు కాదు. ఈ మాట ఏ రుతువు పేరుకన్నా ముందు రావాలి. వాతావరణ శాఖ హెచ్చరికలకు ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులు వాడుతుంది. పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడండి. అక్షరాలు రాని పిల్లలకు కూడా రంగులు తెలుసు.