వెలిపడినవాని యిల్లు

ఖడ్గమే దైవముగా బ్రతికిన సముద్రపు దోపిడిగాండ్రుగా లోకము వైకింగులను తలచుట కద్దు. 2022లో మొదలై 2024లో ముగిసిన ‘వైకింగ్స్: వాల్‌హల్లా’ అను టెలివిజన్ నాటకము, వారిలో పాతమతమునకును క్రైస్తవమునకును జరిగిన పెనుగులాటను కథావస్తువుగా గైకొన్నది. అందలి లీఫ్, ఫ్రేడిస్ అను తోబుట్టువులు కల్పితపాత్రలు కారు. ఎఱ్ఱని ఎరిక్ అను వాని బిడ్డలు. ఆ యింటి కథను శ్రోతలకు మనవి చేయుదుము.

ఎరిక్ ఐస్లండులో హత్యలకు పాల్పడి, సుమారు 982లో మూడేండ్లు వెలివేయబడెను. ఆ దేశమున రాజు లేడు, చెరసాల లేదు. సభ విధించు బహిష్కారమే ఘోరశిక్ష. గడువులోపల దేశము విడువనివానిని ఎవరు చంపినను నేరము కాదు. ఆ మూడేండ్లును ఎరిక్ పడమటి మంచుతీరములను శోధించి, జనము ఆశపడి వత్తురని ఆ నేలకు ‘పచ్చనిదేశము’, అనగా గ్రీన్లండు, అని పేరు పెట్టెను. పిమ్మట అతని వెంట 25 ఓడలు బయలుదేరగా 14 మాత్రమే చేరెనని ప్రాచీన గ్రంథములు చెప్పుచున్నవి.

1000 ప్రాంతమున ఐస్లండు సభలో, తాను పాతమతస్థుడయ్యును, ధర్మవక్త థోర్గెయిర్ అందఱును క్రైస్తవులు కావలెనని తీర్పు చెప్పెను. రహస్యముగా పాతపూజ చేసికొనుటకు మాత్రము అనుమతించెను. ధర్మము రెండైనచో దేశమే రెండగునని అతని భయము.

గ్రీన్లండులో ఆ చీలిక యొక్క గడపలోనే వచ్చినది. ఎరిక్ భార్య త్యోధిల్డ్ క్రైస్తవము స్వీకరించి, ఇంటికి కొంత ఎడముగా గుడి కట్టించెను. ఎరిక్ పాతదేవతలను విడువలేదు. ఆమె అతనితో కాపురము మానెను. ఈ వృత్తాంతమును వ్రాసినవారు రెండు శతాబ్దముల తరువాతివారు. అయినను 1961లో బ్రత్తాహ్లిద్ వద్ద పచ్చికగడ్డల గోడలుగల చిన్న గుడియు, చుట్టును నూఱుకు పైగా సమాధులును బయల్పడినవి. అది ఆమె కట్టించినదే కావచ్చునని పెక్కుర యభిప్రాయము.

ఫ్రేడిస్ సంగతియు ఇట్టిదే. ఒక గాథలో ఆమె నిండు గర్భిణియై, కత్తి దూసి శత్రువులను పాఱదోలిన వీరనారి. మఱియొక గాథలో తోడివారిని చంపించిన క్రూరురాలు. నాటకము వీరనారినే ఎన్నుకొన్నది.

దేశము వెలివేసిన యెరిక్ క్రొత్త దేశమును కనుగొనగల్గెను. కాని తన యింటనే నమ్మకము వేఱైనపుడు పోవుటకు వేఱొక తీరము లేకపోయెను. నాటకమున కత్తుల చప్పుడు వినునపుడు శ్రోతలు ఆ చిన్న గుడినిగూడ స్మరింతురు గాక.