పంటి వెలుగు ఎంతవరకు సాక్ష్యం?

చీకటి గదిలో అతినీలలోహిత దీపం వేస్తే ఆరోగ్యమైన పళ్ళు నీలం కలిసిన తెల్లని కాంతితో మెరుస్తాయి. అది దీపపు వెలుతురు పంటిని తాకి వెనక్కి రావడం మాత్రమే కాదు. ఆ కిరణాలను పీల్చుకున్న పన్ను, వాటికంటే పొడవైన తరంగదైర్ఘ్యంలో తానే కాంతిని వెలువరిస్తుంది. దీన్నే ప్రతిదీప్తి అంటాం. 1911లోనే పరిశోధకుడు స్టూబెల్ దీన్ని నమోదు చేశాడు. పుచ్చును గుర్తించడానికి ఇది పనికి రావచ్చని 1928లో మరో పరిశోధకుడు బెనెడిక్ట్ సూచించాడు.

ఈ మెరుపులో ఎక్కువ వాటా పైనున్న ఎనామిల్‌ది కాదు, దాని కిందనున్న డెంటిన్‌ది. ఎనామిల్ దాదాపు అంతా ఖనిజమే; డెంటిన్‌లో కొల్లాజెన్ వంటి సేంద్రియ పదార్థం దండిగా ఉంటుంది. అయితే కచ్చితంగా ఏ అణువు వెలుగుతోందన్న విషయంలో పరిశోధకులు ఇంకా ఏకాభిప్రాయానికి రాలేదు.

పన్ను పుచ్చేటప్పుడు రెండు వేర్వేరు మార్పులు కనబడతాయి. వీటిని కలగలిపి చెప్పడం వల్లే చాలా గందరగోళం పుడుతోంది. మొదటిది, వెలుగు తగ్గడం. ఆమ్లం వల్ల ఖనిజం కరిగిన చోట ఎనామిల్‌లో సూక్ష్మరంధ్రాలు ఏర్పడతాయి. నీళ్ళలోంచి దూసుకుపోయే వెలుతురు నురగలో చెదిరిపోయినట్టు, అక్కడ కాంతి చెదిరిపోతుంది. డెంటిన్‌ను చేరేదీ తక్కువే, అక్కడినుంచి బయటికి వచ్చేదీ తక్కువే. అందుకే తొలిదశ పుచ్చు చుట్టుపక్కల ఎనామిల్ కంటే నల్లగా కనబడుతుంది.

రెండోది, ఎర్రటి వెలుగు. 405 నానోమీటర్ల ఊదా కాంతి వేస్తే ముదిరిన పుచ్చు 635 నానోమీటర్ల దగ్గర ఎర్రగా మెరుస్తుంది. నోటిలోని బాక్టీరియా తయారుచేసే పార్ఫిరిన్లే దీనికి ప్రధాన కారణమని బలమైన ఆధారాలున్నాయి. పాతబడిన పాచి, గార కూడా ఇలాగే ఎర్రగా వెలుగుతాయి. పైగా, ఎనామిల్‌ను కరిగించడంలో పేరుమోసిన స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్‌లో ఈ ఎరుపు అంత బలంగా ఉండదు. ప్రెవోటెల్లా జాతి బాక్టీరియాలో స్పష్టంగా ఉంటుంది. కాబట్టి ఎరుపు అంటే అక్కడ బాక్టీరియా కాపురముందని తెలుస్తుంది. పుచ్చు ఎంత లోతుకు దిగిందో ఆ రంగు ఒక్కటే చెప్పలేదు.

పంటి ప్రతిదీప్తిని కొలవడానికి 1998 ప్రాంతంలో 655 నానోమీటర్ల లేజర్‌తో పనిచేసే చేతి పరికరం వచ్చింది. అది 0 నుంచి 99 వరకు ఒక అంకె చూపిస్తుంది. అంకె కనబడగానే నమ్మకం పెరగడం సహజమే. కానీ మరకలు, మిగిలిపోయిన పాచి, పాలిషింగ్ పేస్టు ఆ అంకెను పెంచేస్తాయి. పన్ను తడిగా ఉందా, ఆరబెట్టారా అన్నదాన్నిబట్టి కూడా అది మారుతుంది. ప్రయోగశాల అధ్యయనాల్లో మరో చిక్కుంది: పీకిన పళ్ళను ఫార్మాలిన్‌లోనో థైమాల్‌లోనో నిల్వచేస్తే వాటి ప్రతిదీప్తి తగ్గిపోతుంది.

ప్రతిదీప్తితో పనిచేసే పరికరాలపై వచ్చిన 133 అధ్యయనాలను, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2020లో పరిశీలించింది. తొలిదశ పుచ్చు నిజంగా ఉన్న చోట్లలో సుమారు 70 శాతాన్ని ఇవి పట్టుకున్నాయి. లేనిచోట లేదని సరిగ్గా చెప్పింది సుమారు 78 శాతం సందర్భాల్లో. అంటే పుచ్చు లేని 100 చోట్లలో 22 చోట్ల ఉందని పొరబడినట్టు. ఒక్క రీడింగు చూసి పన్నును డ్రిల్లు చేయడానికి ఈ ఆధారం చాలదు. తీసేసిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. కంటితో చూసినదానికీ ఎక్స్‌రేకూ తోడుగా, ఒకే చోటును ఒకే పద్ధతిలో కొన్ని నెలల తేడాతో కొలిచి పోల్చుకోవడానికైతే ఈ వెలుగు ఉపయోగపడుతుందని నా అభిప్రాయం.

తెలుగు నేలకు సంబంధించిన సందేహం ఇంకొకటుంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళవల్ల వచ్చే ఫ్లోరోసిస్ 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో నమోదైంది; తరవాత నల్గొండను తీవ్రంగా పీడించింది. ఫ్లోరోసిస్ వచ్చిన ఎనామిల్‌లో కూడా సూక్ష్మరంధ్రాలు ఎక్కువ. అదీ కాంతిని చెదరగొట్టి, పుచ్చులాగే నల్లగా కనబడగలదు. ఫ్లోరైడ్ తక్కువున్న నీళ్ళు తాగినవారి పళ్ళమీద తేల్చిన హద్దులను, సరిచూడకుండా నల్గొండ బడిపిల్లల పళ్ళకు వర్తింపజేస్తే లేని పుచ్చును ఉన్నట్టు లెక్కగట్టే ప్రమాదముంది. ఆ సరిచూడడం ఇక్కడి పళ్ళమీదే, ఫ్లోరోసిస్‌నూ పుచ్చునూ విడివిడిగా నమోదు చేస్తూ జరగాలి.