తీగయు శాసనమును



మా కోటబొమ్మాళిలో నా బాల్యమున తంతి వచ్చినదని తెలియగానే ఇంట ఏడుపు మొదలయ్యెడిది. అందేమున్నదో చదివి చెప్పువాడు వచ్చుటకు ముందే ఏడ్చెడివారు. శుభవార్తకు కార్డు చాలును, తంతికి డబ్బు పెట్టినారనగా చావుకబురే యని వారి లెక్క. ఆ తంతి సేవ 2013 జూలైలో దేశమంతటను ఆగిపోయినది. కాని తంతి కొరకు ఆంగ్ల ప్రభుత్వము 1885లో చేసిన చట్టము ఆగలేదు. నేడు మన పిల్లలు పాఠములు వినుటకును, ముసలివారు దూరదేశములందలి కొడుకుల ముఖములు చూచుటకును ఆధారమైన ఇంటర్నెట్టు మొన్నమొన్నటి వరకు ఆ చట్టము నీడనే పెరిగినది. ఆ చట్టమునకును, మనకు వచ్చు వేగమునకును, మనము చెల్లించు వెలకును గల సంబంధమును గూర్చి కొంత ముచ్చటించెదను.

ఈ విషయము నా మనస్సున పడుటకు ఒక కారణము కలదు. 2020లో కరోనా వలన బడులు మూతపడినప్పుడు మా మనుమరాలి చదువునకై ఇంటికి ఒక కనెక్షను పెట్టించితిని. ఏ సంస్థవారిదో చెప్పను. కాగితము మీద “40 మెగాబిట్ల వరకు” అని యున్నది. ఉదయము పది గంటలగుసరికి పంతులమ్మ ముఖము తెర మీద పటమువలె నిలిచిపోయెడిది. మాట మాత్రము ముక్కలు ముక్కలుగా వచ్చెడిది. ఫిర్యాదు చేయగా ఒక కుర్రవాడు వచ్చి, పెట్టెను అటునిటు త్రిప్పి చూచి, “తాతగారూ, వరకు అని రాసేం కదండీ, సున్నా కూడా నలభై లోపే” అనెను. వినయముగానే అనెను. మూడక్షరముల ఆ మాటకు ఎదురు చెప్పుట నాకు చేతకాలేదు. ఆ తరువాతనే ఈ చట్టములు, ఈ నియమములు వెదకి చదువ మొదలిడితిని.

1885 నాటి చట్టములో రెండు సెక్షనులు మనకు ముఖ్యములు. నాల్గవ సెక్షను ప్రకారము తంతిని నెలకొల్పు హక్కు ప్రభుత్వమునకే కలదు; ఇతరులెవరైనను లైసెన్సు పుచ్చుకొనవలసినదే. పదవ సెక్షను ప్రకారము తంతి అధికారులు ఎవరి పొలములోనైనను స్తంభము పాతి తీగ లాగవచ్చును. భూమి రైతుదే, నష్టము కలిగినచో పరిహారము ఈయవలెను. అమ్మువాడెవడో మొదటిది నిర్ణయించినది, తీగకు దారి ఎవరిదో రెండవది నిర్ణయించినది. తరువాతి కథ యంతయు ఈ రెంటి చుట్టును తిరిగినది.

1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ అను ప్రభుత్వ సంస్థ ఇంటర్నెట్టును ప్రజలకు తెరిచినది. అమ్మువాడు ఒక్కడు, కొనువారు మహానగరములందలి కొలదిమంది. వెల వేల రూపాయలు. వేగము సెకనుకు 9,600 బిట్లు. టెలిఫోను తీగ మీదనే రావలెను గనుక ఆ కాలుల ఖర్చు వేరు. ఆ దినములలో మన ప్రాంతమున టెలిఫోనుకు దరఖాస్తు పెట్టుకొని సంవత్సరముల తరబడి వేచియున్నవారు మీలో ననేకులుందురు.

1997లో టెలికాం నియంత్రణ సంస్థ, అనగా ట్రాయ్, ఏర్పడినది. అంతకు ముందు అమ్మువాడును తగవు తీర్చువాడును ఒక్కడే. 1998 నవంబరులో ప్రైవేటువారికిని ఇంటర్నెట్టు అమ్ముటకు అనుమతి దొరకినది. లైసెన్సు రుసుము పేరునకు ఒక్క రూపాయి. టెలిఫోను లైసెన్సుల సంగతి అట్లు గాదు. వానిని 1995లో వేలమునకు పెట్టిరి. మా దగ్గరి నారాయణవలస పశువుల సంతకు పోయినవారికి ఆశీలు పాట యనగా నేమో విప్పి చెప్పనక్కరలేదు. పాటదారుడు పౌరుషమునకు పోయి హెచ్చు పాట పాడినచో ఆ బరువు చివరకు ఎద్దును కొన్న రైతు మీదనే పడును. లేదా పాటదారుడు చేతులెత్తివేయును. టెలిఫోను సంస్థలు రెండవ దారి పట్టినవి. కట్టలేమని మొరపెట్టుకొనగా 1999లో ప్రభుత్వము పాట పద్ధతి మాని, ఆదాయములో వాటా తీసికొను పద్ధతి పెట్టినది. తరువాత ఆ వాటా నూటికి 8 వంతులుగా స్థిరపడినది. అందులో 5 వంతులు పల్లెలకు టెలిఫోను, ఇంటర్నెట్టు చేర్చుటకై యేర్పడిన నిధికి చెందును. ఈ నిధి మాట జ్ఞాపకముంచుకొనుడు.

రూపాయి లైసెన్సువారికి మరియొక చిక్కు కలదు. అంగడి పెట్టుకొమ్మన్నారు గాని, ఆ యంగడికి పోవు దారి పోటీదారునిది. ఇంటింటికిని పోయిన రాగి తీగ ప్రభుత్వ టెలిఫోను సంస్థది. ఆ తీగను తగిన అద్దెకు ఇతరులకును ఇప్పించవలెనని ట్రాయ్ 2004లో సిఫారసు చేసినది. అదే సంవత్సరము అక్టోబరులో వెలువడిన బ్రాడ్‌బ్యాండు విధానములో కేంద్ర ప్రభుత్వము దాని నంగీకరింపలేదు. ఫ్రాన్సు దేశమున ఇట్లే రాగి తీగను తెరువుమని పెద్ద సంస్థను శాసించిరి. ఆ తీగల నాధారము చేసికొని ‘ఫ్రీ’ అను చిన్న సంస్థ 2002లో నెలకు 30 యూరోలకు లోపుగా ఇంటర్నెట్టు అమ్మ మొదలిడెను. ఏండ్లు గడచినను ఆ వెల పెంచక వేగమును మాత్రము పెంచుచు వచ్చెను. ఇతరులు దాని వెంట పరుగెత్తక తప్పలేదు. మన ప్రభుత్వ సంస్థ నష్టమునకోర్చి పల్లెల ఎక్స్‌ఛేంజీలను నడపుచున్నది, పట్టణపు తీగలను ప్రైవేటువారు తన్నుకొనిపోయినచో పల్లెల గతి యేమి, అను వాదము ఉన్నది. అది కొట్టివేయదగిన మాట కాదు. అయినను పొరపాటు జరిగినదనియే నా అభిప్రాయము. పల్లెల కొరకని మూసియుంచిన ఆ తీగ పల్లెలకును సరిగా అందలేదు.

ఆ 2004 విధానము బ్రాడ్‌బ్యాండు అనగా నేమో గూడ నిర్ణయించినది: సెకనుకు 256 కిలోబిట్లు. 2013లో దానిని 512 చేసిరి. 2023 జనవరిలో 2 మెగాబిట్లు చేసిరి. పేరులో నేమున్నదని మీరనవచ్చును. ఎంత నీరు కలిసినదానిని పాలు అని అమ్మవచ్చునో సర్కారు చెప్పినట్లే యిది. ఆ హద్దునకు పైన నున్నదెల్ల చట్టము దృష్టిలో పాలే. పట్టణములో 100 మెగాబిట్లు వాడువానిదియు బ్రాడ్‌బ్యాండే, రెండింటితో సరిపెట్టుకొనువానిదియు బ్రాడ్‌బ్యాండే.

2006లో ట్రాయ్ మరొక నియమము చేసినది. ఒప్పుకొన్న వేగములో నూటికి 80 వంతులకు మించి వాడుకదారునకు అందవలెను. ఇది చదివినప్పుడు నాకు కుర్రవాని సున్న గుర్తునకు వచ్చి సంతోషమైనది. కాని ఆ కొలత సంస్థవారి కేంద్రము నుండి మన ఇంటి వరకే. ఆ కేంద్రమునకే పై నుండి చాలినంత రాకున్నచో? వంశధార ఎడమ కాలువ శివారు రైతులకు ఈ బాధ బాగుగ తెలియును. తూము తెరచియే యుండును, దాని కొలతయు సరిగానే యుండును, గొట్టా నుండి నీరు మాత్రము మన వరకు రాదు.

ఇక దారి సంగతి. పైన చెప్పిన నిధితో దేశమునందలి రెండున్నర లక్షల పంచాయతీలకు గాజుతీగ, అనగా ఫైబరు, వేయవలెనని 2011 అక్టోబరులో కేంద్రము తీర్మానించినది. తరువాత దానికి భారత్‌నెట్ అని పేరు వచ్చినది. డబ్బున్నది, తీగయున్నది. భూమి త్రవ్వుటకు రోడ్ల శాఖ, రైల్వే, అడవి శాఖ, పంచాయతీ ఒక్కొక్కరి అనుమతియు కావలెను. ఒక్కొక్కచోట ఒక్కొక్క రుసుము. పని ఏండ్ల తరబడి నత్తనడక నడచినది.

మన రాష్ట్రము ఇచ్చట ఒక ఉపాయము పన్నినది. 2015లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సంస్థ భూమిని త్రవ్వుట మాని, ఊరూర నున్న కరెంటు స్తంభముల మీదనే 23,000 కిలోమీటర్లకు పైగా గాజుతీగను లాగినది. దీనికి చట్టబలము వేరొకచోట నుండి వచ్చినది. 2003 విద్యుచ్ఛక్తి చట్టము 51వ సెక్షను ప్రకారము పంపిణీ సంస్థ, రెగ్యులేటరీ కమిషనుకు తెలియజేసి, తన ఆస్తులను ఇతర వ్యాపారములకును వినియోగింపవచ్చును. వచ్చిన రాబడిలో కొంత కరెంటు వాడుకదారుల భారము తగ్గించుటకు పోవలెను. ఆ సెక్షను లేనిదే మా వీధి స్తంభము మీద నేడు రెండవ తీగ ఉండదు. గోదావరి సీమలోని మోరి గ్రామమున 2016 డిసెంబరులో మొదలై, 2017 డిసెంబరు 27వ తేదీన రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారి చేతుల మీదుగ ఇది రాష్ట్రమునకంతకును ప్రారంభమైనది. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్టు, టెలిఫోను, టెలివిజను మూడును. వేగము 15 మెగాబిట్ల వరకు. ఆ ‘వరకు’ ఇచ్చటను తప్పలేదు. ఆ సంస్థ టెండర్ల పైని వివాదముల జోలికి నేను పోను. ఆ 149 యను అంకె మాత్రము తక్కిన వారి వెలలను గూర్చి ప్రశ్నించుటకు పల్లెవానికి ధైర్యమిచ్చినది.

ఆ చౌకకు చెల్లింపవలసినది మరియొక రూపమున వచ్చినది. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటినప్పుడు మన జిల్లాలో వేలాది కరెంటు స్తంభములు నేల కూలినవి. స్తంభముతో పాటు దాని మీద నున్నదెల్ల పడినది. కొబ్బరిచెట్లు, తీగలు పెనగొని రోడ్ల మీద పడియుండగా కూలీలు రాత్రింబవళ్లు స్తంభములెత్తిరి. ముందు వెలుగు రావలెను. గాజుతీగ వంతు తరువాతనే. భూమిలో పాతినచో బ్రదికియుండునేమో. కాని పాతుట కనుమతులకై వేచియున్నచో తుపానునాటికి మన దగ్గర తెగుటకు తీగయే యుండదు.

సెల్‌ఫోను మాట క్లుప్తముగ చెప్పెదను. 2016 ఫిబ్రవరి 8వ తేదీన ట్రాయ్, ఏ వెబ్‌సైటు చూచుచున్నారను దానిని బట్టి వెలలో భేదము చూపరాదని శాసించినది. కొన్ని గుమ్మములు ఉచితముగ తెరచి తక్కిన ఊరునకు టోలు పెట్టదలచినవారికి అది అడ్డు తగిలినది. అదే సంవత్సరము సెప్టెంబరులో జియో వచ్చినది. 2014లో గిగాబైటుకు సగటున సుమారు 269 రూపాయలున్న వెల 2018 నాటికి 12 రూపాయలకు దిగినది. దానిలో పోటీ పాలు హెచ్చు. ఆ పోటీదారుని ఉచిత ఆఫర్లను ఆపకుండుట నియంత్రణ సంస్థ పాలు. ఆ పోరులో పెక్కు సంస్థలు మూతపడి, మిగిలినవారు కొలదిమందియైన తరువాత వెలలు మరల ఎక్కుచున్నవి.

1885 చట్టమునకు బదులుగ పార్లమెంటు 2023 డిసెంబరులో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టము చేసినది. అది విడతలుగా అమలునకు వచ్చుచున్నది. తీగ దారిని గూర్చిన దాని నియమములు 2025 జనవరి 1 నుండి అమలైనవి.

నా కనెక్షను సంగతి చెప్పి ముగించెదను. నెల దినములు రోజునకు మూడు పూటల వేగము కొలిచి మా మనుమరాలి నోటుపుస్తకములో వ్రాయించితిని. ఫిర్యాదు నంబరు పుచ్చుకొంటిని. అది తీరకపోగా పై అప్పీలుకు వ్రాసి, 80 వంతుల నియమమును ఎత్తి చూపితిని. పండ్రెండవ నాడు ఆ కుర్రవాడే నిచ్చెనతో వచ్చి మా తీగను వేరొక పెట్టెకు మార్చెను. మరునాడు పది గంటలకు 33 వచ్చినది. పంతులమ్మ కదలినది. ఈ నెల బిల్లు నా యెదుట నున్నది. 18 వంతుల జి.ఎస్.టి. వేరుగ చూపినారు. దాని పైవరుసలో, వెనుకటివలెనే చిన్న అక్షరములతో, “40 మెగాబిట్ల వరకు”.